కార్డుల వెనక పెన్సిలు రాత

స్నెజినా టర్నోవో యూనివర్సిటీకి వెళ్లింది సాహిత్యం చదువుకుందామని. కంప్యూటర్ ఆమె కోరుకున్నది కాదు, నెత్తిన పడ్డది. ఈ మాట తర్వాతి ఏళ్లలో ఎవరు అడిగినా, అడక్కపోయినా చెప్పేది.

2001 శరత్కాలంలో మూడో సంవత్సరం మొదలయ్యేసరికి నోటీసు బోర్డు మీద కొత్త కాగితం అంటించి ఉంది. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం చదివేవాళ్లందరికీ ఇకమీదట సమాచార సాంకేతికత తప్పనిసరి. అందులో గట్టెక్కకపోతే పట్టా లేదు.

"అయిపోయింది మన పని" అంది గదిలో ఆమెతో ఉండే ఇలియానా. "ఎనిమిది వందల ఏళ్ల కింద చచ్చిన సన్యాసుల రాతలు బట్టీ పట్టలేకే చస్తున్నాం. ఇప్పుడు ఈ డబ్బాలు కూడానా?"

స్నెజినా పైకి నవ్వింది. దాన్యూబ్ ఒడ్డున బెలోబ్రెగ్ అనే చిన్న ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల బడిలో ఉన్న ఒక్క కంప్యూటర్ హెడ్మాస్టర్ గదిలో ఉండేది, దాని మీద పూలకుండీ ఉండేది.

మొదటి క్లాసు ఆమె జీవితాంతం మర్చిపోలేదు. మౌస్ అంటే ఏమిటో తెలియదని చెప్పడానికి సిగ్గేసి, పక్కవాళ్లను చూసి దాన్ని పట్టుకుంది. తెర మీది బాణాన్ని కుడివైపుకి జరపమన్నారు. జరుపుతూ జరుపుతూ పోయింది. మౌస్ బల్ల చివరికొచ్చేసింది, బాణం ఇంకా తెర మధ్యలోనే ఉంది. చెయ్యెత్తి, "సార్, బల్ల అయిపోయింది, ఇప్పుడెటు పోవాలి?" అని అడిగింది. గదంతా గొల్లుమంది. వెనక వరసలో ఒకడు, "పక్క బిల్డింగుకి వెళ్లు, అక్కడ పెద్ద బల్లలున్నాయి" అన్నాడు.

పాఠం చెప్పే ఆసెన్ గెర్గినోవ్ మాత్రం నవ్వలేదు. యాభై ఏళ్లుంటాయి, మనిషి సన్నం, ఎప్పుడూ ఒకటే బూడిదరంగు స్వెట్టరు. ఇదివరకు ఎక్కడో కంప్యూటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. అది మూతపడ్డాక ఈ పనికి వచ్చాడు. ఆమె దగ్గరికి వచ్చి, మౌస్‌ని ఎత్తి మళ్లీ బల్ల మధ్యలో పెట్టి, "అయిపోతే ఎత్తి వెనక్కి పెట్టుకో. అంతే" అన్నాడు. తర్వాత అందరివైపు తిరిగి చెప్పాడు:

"మిమ్మల్ని ఇంజినీర్లను చెయ్యడం నా పని కాదు. బస్సెక్కేవాడు ఇంజిన్ విప్పక్కర్లేదు. కానీ బస్సు ఎటు పోతోందో చూసుకోవాలి. లేకపోతే అది దింపిన చోట దిగాల్సొస్తుంది."

డిసెంబరు పరీక్షలో స్నెజినాకి రెండు వచ్చింది. ఆరుకి రెండు, అంటే తప్పినట్టు. ఫైలు రాయగలిగింది కానీ దాచి పెట్టింది ఎక్కడో ఆమెకే తెలియలేదు. సమయం అయిపోయేదాకా వెతుకుతూనే ఉంది. హాస్టల్ కింద ఫోను దగ్గర క్యూలో నిలబడి అమ్మకి చేసింది.

ఆమె అమ్మ వెలిచ్కా బెలోబ్రెగ్ గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలకు కార్డులు రాసేది. కొత్త పుస్తకం వస్తే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ అరచేతంత అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో రాసి, సొరుగులో దాని చోట దాన్ని పెట్టేది. పని అంతే. కానీ ఊళ్లో ఎవరికి ఏ పుస్తకం కావాలన్నా సొరుగు దాకా వెళ్లే అవసరం ఉండేది కాదు, వెలిచ్కాను అడిగితే చాలు.

"ఏడుస్తున్నావా?" అంది వెలిచ్కా ఫోన్లో.

"లేదమ్మా."

"ఏడిస్తే ఏడు, నాణెం అయిపోయేలోపు ఏడు. పదకొండు వేల కార్డులు నేను గుర్తుపెట్టుకున్నా. ఆ డబ్బా మీద మీటలెన్ని, వందుంటాయా? అవి గుర్తుపెట్టుకోలేవూ?"

జనవరిలో మళ్లీ పరీక్ష పెట్టే ముందు గెర్గినోవ్ తప్పినవాళ్లను విడిగా కూర్చోబెట్టాడు. సమాచారాన్ని వరసలుగా, గడులుగా పెట్టడం గురించి చెబుతుంటే స్నెజినా ముఖం చూసి ఆగిపోయాడు.

"మీ ఇంట్లో ఎవరైనా ఏవైనా సర్దుతారా?"

"మా అమ్మ గ్రంథాలయంలో కార్డులు సర్దుతుంది సార్."

"మరింకేం! ఒక కార్డు, ఒక వరస. కార్డు మీద రచయిత పేరు రాసే చోటు ఒక గడి, సంవత్సరం రాసే చోటు ఇంకో గడి. సొరుగు మొత్తం కలిపితే పట్టిక. మీ అమ్మకి ముప్ఫై ఏళ్ల నుంచీ తెలిసిందే నీకు చెబుతున్నాను."

ఆ మాటతో ఆమె కళ్లముందు పొర తొలగినట్టయింది. అప్పటిదాకా ఆ డబ్బాలో ఏదో దయ్యం కూర్చుని ఉందని భయం. అక్కడ ఉన్నది అమ్మ సొరుగే అని తెలిశాక భయం పోయింది. జనవరిలో ఐదు తెచ్చుకుంది. మార్చికల్లా ఇలియానా, పక్క గదివాళ్లు ఫ్లాపీలు పట్టుకుని ఆమె మంచం దగ్గర క్యూ కట్టారు. మొదటిరోజు పెద్ద బల్లల గురించి వెటకారం ఆడినవాడు కూడా ఒకసారి వచ్చి, తన వ్యాసం కనపడ్డం లేదని తల గోక్కున్నాడు. స్నెజినా దాన్ని అర నిమిషంలో వెతికి ఇచ్చి, "బల్ల కింద పడిపోయింది" అంది. ఆ రోజంతా ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు.

సాహిత్యంలో ఆమె ఎప్పుడూ మధ్యస్తంగానే ఉండేది. ఎవరూ ఆమెను ఏదీ అడిగేవారు కాదు. జీవితంలో మొదటిసారి పదిమందికి తెలియనిది తనకి తెలిసింది.

ఏడాది చివర గెర్గినోవ్ ఒక పని ఇచ్చాడు. ఎవరి బతుకులోంచి వాళ్లు ఏదో ఒకటి తీసుకుని, నిజంగా పనికొచ్చే పట్టిక తయారుచేసి సెప్టెంబరులో చూపించాలి. ఇలియానా వాళ్ల నాన్న తేనెపెట్టెల లెక్క ఎంచుకుంది. స్నెజినా ఆలోచించనే లేదు. బెలోబ్రెగ్ గ్రంథాలయం కార్డులన్నీ ఎక్కిస్తానంది.

"పదకొండు వేలా?" అన్నాడు గెర్గినోవ్. "రెండు వందలు చాలు, తల్లీ. నాకు పద్ధతి తెలిస్తే చాలు."

"మొత్తం చేస్తాను సార్."

ఆ వేసవి తల్లీకూతుళ్లిద్దరి జీవితంలోకీ మంచి వేసవి. ఆ సంగతి తర్వాత ఇద్దరూ ఒకరితో ఒకరు ఎప్పుడూ అనుకోలేదు. గ్రంథాలయానికి ఎవరో దానమిచ్చిన కంప్యూటర్ ఒకటి ఉండేది. దాని మీద లేసు గుడ్డ కప్పి మూల పెట్టారు. డైరెక్టర్ కమెలియా దాస్కలోవా, "వాడుకోండి, పాడుచెయ్యకండి" అని ఒప్పుకుంది. మధ్యాహ్నం పూట పాఠకులు రారు. పాప్లార్ చెట్ల దూది కిటికీలోంచి ఎగిరొచ్చి బల్లల మీద పడేది. వెలిచ్కా వేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని కార్డులు ఒక్కొక్కటే తీసి చదివేది. స్నెజినా కొట్టేది. నాలుగింటికి నిమ్మకాయ వేసిన చల్లటి టీ తాగేవాళ్లు, మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. రోజుకి రెండు వందల కార్డులు.

"నీ వేళ్లు చూస్తుంటే పియానో వాయిస్తున్నట్టుందే" అనేది వెలిచ్కా. "మీ నాన్న ఉండి చూస్తే మురిసిపోయేవాడు."

మూడో వారంలో వెలిచ్కా ఒక కార్డు చదివి, దాన్ని తిరగేసి వెనక కూడా చదివింది. "పెన్సిలుతో: మి.డా."

"వెనకది వద్దమ్మా. దానికి గడి లేదు."

"లేకపోతే ఒకటి గీయి."

ఆ పెన్సిలు రాత సంగతి స్నెజినాకి కొంత తెలుసు. 1951లో కమ్యూనిస్టు ప్రభుత్వం, ప్రజాశత్రువులని ముద్ర వేసి, ఊళ్లోంచి కొన్ని కుటుంబాలను ఒక్క పగటిపూటలో ఖాళీ చేయించి పంపేసింది. డాక్టరు, మందుల దుకాణం ఆయన, మిల్లు యజమాని, ఇద్దరు లాయర్లు. వాళ్ల ఇళ్లలో పుస్తకాలు బండ్లలో వేసి గ్రంథాలయానికి తెచ్చి పడేశారు. పేర్లున్న మొదటి పేజీలు చింపెయ్యమని హుకుం. అప్పటి కార్డులావిడ ఎలిసవేతా హుకుం ప్రకారం పేజీలు చింపింది. చింపుతూ, ఏ పుస్తకం ఎవరింటిదో కార్డు వెనక పెన్సిలుతో రెండు పొడి అక్షరాలు రాసుకుంటూ పోయింది. ఎవరైనా చూసుంటే ఆవిడ కూడా ఆ కుటుంబాల వెనకే పోయేది. 1972లో ఉద్యోగం వెలిచ్కాకి అప్పగిస్తూ ఒకటే మాట చెప్పిందట: "సొరుగులు తుడువు, వెనకలు తుడవకు." ఆ ప్రభుత్వం పోయి రోజులు మారాక, ఆ కార్డులు చూపించి వెలిచ్కా పదకొండు పుస్తకాలను వాళ్ల పిల్లలకో మనవలకో అప్పజెప్పింది. అప్పటి డైరెక్టరు కార్డు చూసి సంతకం పెట్టేవాడు. ఇంకా మూడు వందలకు పైగా ఉన్నాయి.

స్నెజినా ఆ సాయంత్రం కొత్త గడి కలపడానికి కూర్చుంది. పట్టికలో కలిసింది కానీ, తెర మీద కార్డులు ఎక్కించే ఫారం తెరుచుకోవడం మానేసింది. ఏదో నొక్కింది. వద్దని ఇంకేదో నొక్కింది. రెండు రోజుల పని, దాదాపు నాలుగు వందల కార్డులు, గాలికి పోయినట్టు పోయాయి. బాగుచేయడం ఆమెకు రాదు. అడగడానికి గెర్గినోవ్ అక్కడ లేడు. పాత ఫ్లాపీ పెట్టి, పోయినవి మళ్లీ కొట్టుకుంది. ఇక గడులు మార్చే జోలికి పోలేదు.

"ముందు ముందువైపులన్నీ అయిపోనీ అమ్మా. వెనకవి తర్వాత చూద్దాం."

వెలిచ్కా కార్డు వంక చూసింది, కూతురి వంక చూసింది.

"మర్చిపోవుగా?"

"అబ్బా, మర్చిపోనమ్మా!"

"సరేలే. కార్డులు ఎక్కడికి పోతాయి."

ఆగస్టు ఆఖరికి పదకొండు వేల రెండు వందల కార్డులు ఎక్కాయి. వెనకవి తర్వాత అనుకున్నది ఆ 'తర్వాత'లోనే ఉండిపోయింది.

సెప్టెంబరులో గెర్గినోవ్ తెర ముందు కూర్చుని రచయిత పేరు కొడితే పుస్తకాలు వరసగా దిగాయి. సంవత్సరం కొడితే ఆ ఏడాదివి వచ్చాయి. తోటి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు. అందరినీ అడిగే ప్రశ్నే ఈమెనీ అడిగాడు.

"ఏం వదిలేశావు?"

స్నెజినా నోటిదాకా వచ్చింది. చెబితే ఎందుకు వదిలావు అంటాడు, గడి కలపడం రాలేదని ఒప్పుకోవాలి. వెనక అందరూ ఉన్నారు. బల్ల అయిపోయిందన్న రోజు నవ్విన వాళ్లే.

"ఏమీ లేదు సార్" అంది.

ఆరు వేశాడు. ఆ క్లాసులో ఆరు ఆమె ఒక్కదానికే.

వెలిచ్కా ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది. రొట్టెల కొట్లో చెప్పింది, పోస్టాఫీసులో చెప్పింది, డైరెక్టరుకి మరీ మరీ చెప్పింది. తనే స్వయంగా కంప్యూటర్ మీది లేసు గుడ్డ తీసి, కూతురు నేర్పినట్టు మీటలు నొక్కి చూపించింది. "చూడండి కమెలియా గారూ, నేను సొరుగు దాకా లేచి వెళ్లేలోపు ఇది చెప్పేస్తోంది!"

కమెలియా నిజంగా చూసింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. మున్సిపాలిటీ వాళ్లు ప్రతి సంస్థలోనూ ఒక్కో పోస్టు తగ్గించమని రెండేళ్లుగా పీకల మీద కూర్చున్నారు. ఎవర్ని తియ్యాలో తేలక వాయిదా వేస్తోంది. జనవరిలో వెలిచ్కాను గదిలోకి పిలిచింది.

"వెలిచ్కా గారూ, కూర్చోండి. కాఫీ తాగుతారా?"

ముప్ఫై ఏళ్లలో ఆ గదిలో కాఫీ ఇవ్వడం అదే మొదటిసారి. వెలిచ్కాకి అప్పుడే అర్థమైంది.

"ఎన్నాళ్లుంది?" అంది, కూర్చోకుండా.

"ఒక నెల. నా చేతిలో ఏమీ లేదండీ. కార్డుల పోస్టు అవసరమేముంది అని అడుగుతున్నారు. కంప్యూటర్‌లో అన్నీ ఉన్నాయి కదా అంటున్నారు. ఉన్నాయని మీరే అందరికీ చెప్పారు..."

పెన్షన్‌కి ఇంకా నాలుగేళ్లుంది. యాభై మూడేళ్ల వెలిచ్కా కుట్టుపనుల షెడ్డులో చేరింది. విదేశాలకు పోయే చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించడం అక్కడ ఆమె పని. రోజుకి పది గంటలు దీపం కింద. ఈ సంగతి స్నెజినాకి చెప్పలేదు. మార్చిలో ఇంటికొచ్చినప్పుడు తల్లి వేళ్లకి కత్తెర పట్టి కాసిన కాయలు చూసి అడిగితే చెప్పింది.

కింది అంతస్తులో ఉండే దోచ్కా మెట్ల మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, స్నెజినా దిగుతుంటే వినపడేట్టే అంది: "చదువంటే అదీ! అమ్మ కూర్చున్న కొమ్మని కూతురు నరికింది. అమ్మేమో కింద నిలబడి గొడ్డలి అందించింది."

స్నెజినా వెనక్కి తిరిగి మెట్లెక్కి ఇంట్లోకి వచ్చింది. వెలిచ్కా చిక్కుళ్లు ఏరుతోంది.

"నా మీద కోపంగా ఉందా అమ్మా?"

"కోపమెందుకు? నువ్వు బాగానే నేర్చుకున్నావు." పుచ్చు గింజ ఒకటి తీసి పారేసి అంది: "నేనే చదివి వినిపించాగా, ఒక్కొక్కటీ."

ఆ వేసవిలో పట్టా చేతికొచ్చింది. సాహిత్యం పాఠాలు చెప్పే ఉద్యోగం మాత్రం ఎక్కడా లేదు. పిల్లలు లేక బెలోబ్రెగ్‌లో రెండు బళ్లు కలిపి ఒకటి చేశారు, ఉన్న టీచర్లకే దిక్కులేదు. అప్పుడు కమెలియా నుంచి కబురొచ్చింది. కంప్యూటర్ చూసుకోవడానికి సగం పూట ఉద్యోగం ఒకటి మంజూరైంది. "ఆ పట్టిక నీదేగా అమ్మాయ్. నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?"

స్నెజినా చేరనంది. ఆ మాట ఇంట్లో గట్టిగా అంది, గిన్నె కింద పెట్టి మరీ అంది.

"చేరు" అంది వెలిచ్కా.

"నీ కుర్చీలో నేనెలా కూర్చోనమ్మా?"

"కుర్చీ నాదా? మున్సిపాలిటీది. నువ్వు కాకపోతే ఇంకోడు కూర్చుంటాడు. సగం జీతమైనా మనింటికే రానీ. పౌరుషం చలికాలంలో పొయ్యిలోకి పనికిరాదు."

చేరింది. చేరిన మొదటి రోజే, వెనకలు ఎక్కించాలనుకుంది. ఇప్పుడు గడి కలపడం బాగా వచ్చు. సొరుగుల దగ్గరికి వెళితే ఆ గోడ ఖాళీగా ఉంది. గోడ మీద సొరుగుల బీరువా ఆకారంలో లేత రంగు మచ్చ మాత్రం ఉంది.

"అవా? మే నెలలో కాగితాల మిల్లు లారీ వచ్చినప్పుడు ఇచ్చేశాం" అంది కమెలియా. "ఇంటర్నెట్ బల్లలకి చోటు కావాలిగా. ఎందుకు, అన్నీ నువ్వు ఎక్కించావుగా?"

 ఏమీ వదల్లేదని కిందటి సెప్టెంబరులో స్నెజినా తనే చెప్పింది, గెర్గినోవ్ ముందు, పదిమంది ఎదుట. ఇప్పుడు దాన్ని ఎవరి మీదికి తోస్తుంది?

ఖాళీ సొరుగులు ఊళ్లో వాళ్లు తలా ఒకటి తీసుకెళ్లారు. దోచ్కా తన వాటాలో మిరప నారు పోసింది.

వెలిచ్కాకి ఎలా తెలిసిందో తెలియదు. ఒక సాయంత్రం స్నెజినా ఇంటికొచ్చేసరికి తల్లి వంటింట్లో దీపం వేసుకోకుండా కూర్చుని ఉంది.

"వెనకవి కూడా పోయాయా?"

"పోయాయమ్మా."

"ఎలిసవేతా ప్రాణం మీదికి తెచ్చుకుని రాసింది. ఇరవై ఏళ్లు ఎవడి కంటా పడకుండా దాచింది. నేను ఇంకో ముప్ఫై ఏళ్లు దాచాను. పోలీసులకి దొరకనివి మీ కంప్యూటర్ బల్లలకి దొరికాయి." అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేదని స్నెజినా చాలా ఏళ్లు అనుకుంది.

2008 అక్టోబరులో వార్నా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు నెవెనా. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, చేతిలో చిన్న సంచి, కాలికి కొత్త బూట్లు. రైలు మారి మారి వచ్చింది. మందుల దుకాణం ఆయన కూతురు. ఊరు వదిలినప్పుడు ఆమెకి పన్నెండేళ్లు.

"మా నాన్నది ఒక మూలికల పుస్తకం ఉండేదమ్మా. రంగు బొమ్మలతో. ఆదివారాలు నన్ను ఏటి ఒడ్డుకి తీసుకెళ్లి అందులో బొమ్మ చూపించి మొక్క వెతకమనేవాడు. ఇక్కడ కార్డులు ఉన్నాయని, ఒకావిడ అలాంటివి ఇచ్చిందని ఎవరో చెప్పారు."

స్నెజినా పట్టికలో వెతికింది. మూలికల పుస్తకాలు ఆరు వచ్చాయి. ఎవరిది ఏదో చెప్పే గడి లేదు. ఆవిడ తెర వంక ఆశగా చూస్తోంది, అందులో వాళ్ల నాన్న పేరు కనిపిస్తుందేమోనని.

"మా ఇంటికి రండి" అంది స్నెజినా.

వెలిచ్కా తలుపు తీసి, సంగతి విని, లోపల కూర్చోబెట్టి కాఫీ పెట్టింది. ఆలోచించనైనా లేదు. "ఆకుపచ్చ అట్ట. వియన్నాలో అచ్చు. మూడో అలమర, కింది నుంచి రెండో అర. కార్డు వెనక మీ నాన్న పొడి అక్షరాలు, త్రి.నె. అని ఉండేవి. పుదీనా బొమ్మ ఉన్న పేజీ మీద టీ మరక."

నెవెనా కప్పు కింద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "ఆ టీ నేనే ఒలకబోశాను" అంది.

మర్నాడు ముగ్గురూ గ్రంథాలయానికి వెళ్లారు. పుస్తకం వెలిచ్కా చెప్పిన చోటే ఉంది. మరకా ఉంది. మొదటి పేజీ చింపి ఉంది. కమెలియా అంతా విని, పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నమ్ముతున్నానండీ, మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. కానీ కాగితం కావాలి. కార్డు ఉంటే సంతకం పెట్టేదాన్ని. ఎవరో ఒకరు గుర్తుందన్నారని ప్రభుత్వ ఆస్తి ఎలా ఇవ్వను?"

"ఎవరో ఒకరా?" అంది వెలిచ్కా.

"మీరు ఇప్పుడు ఉద్యోగంలో లేరు కదండీ."

స్నెజినా ఆ రోజే పట్టికలో పాత యజమాని పేరుకి గడి కలిపింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పేరు ఎక్కించి, ప్రింటు తీసి కమెలియా ముందు పెట్టింది. ఆవిడ చదివి జాలిగా చూసింది. "ఇది ఇవాళ ఎక్కించావని కంప్యూటరే చెబుతోంది కదే పిల్లా."

నెవెనా సాయంత్రం రైలుకి వెళ్లిపోయింది. వెళ్లే ముందు పుస్తకం తెరిచి పుదీనా పేజీ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడి, మూసి ఇచ్చేసింది. స్టేషన్ దాకా వెలిచ్కాయే తోడు వెళ్లింది. స్నెజినాను రమ్మనలేదు.

పదిహేను రోజులకి స్నెజినా ఒక పని చేసింది. ఆ పుస్తకం వరసలో 'స్థితి' అనే గడిలో 'బూజుపట్టి పాడైంది, తొలగించాం' అని రాసింది. మరో ఇరవై చినిగిన పాఠ్యపుస్తకాలతో కలిపి జాబితా చేసి పంపింది. కమెలియా చదవకుండానే సంతకం పెట్టింది. ఆకుపచ్చ అట్ట పుస్తకాన్ని స్నెజినా గుడ్డలో చుట్టి వార్నాకి పోస్టు చేసింది. నిజం రాసినప్పుడు ఇవ్వనిదాన్ని అబద్ధం రాస్తే ఇచ్చేశారు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. వెలిచ్కా మిరపకాయలు కాలుస్తోంది. వెనక్కి తిరగలేదు.

"ఒకటి ఇంటికి పోయింది" అంది. "మిగిలినవి?"

"నువ్వు చెప్పమ్మా. నీకు గుర్తున్నవన్నీ చెప్పు, నేను ఎక్కిస్తాను."

"ఎక్కించి ఏం చేస్తావు? అన్నిటికీ బూజు పట్టిస్తావా?"

ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ చెప్పలేదు. మూడో ఏడు ఒక ఆదివారం, ఎవరూ అడక్కుండానే, చిక్కుళ్లు ఏరుతూ మొదలుపెట్టింది. "నల్ల అట్ట జర్మన్ వ్యాకరణం, డాక్టరు గారిది." స్నెజినా కాగితం వెతుక్కుని రాసుకుంది. మరో రెండు చెప్పి ఆపేసింది. తర్వాత వారం నాలుగు చెప్పింది. కానీ అప్పటికే ఆమెలో ఏదో సడలిపోవడం మొదలైంది. ఒక ఆదివారం డాక్టరుదన్న వ్యాకరణాన్ని మరో ఆదివారం లాయరు ఇంటిదంది. గుర్తుచేస్తే చికాకు పడేది. "నన్నే పరీక్షిస్తున్నావా? ముప్ఫై ఏళ్లు చేశాను ఆ పని!" అని లేచి వెళ్లిపోయేది. కొన్నాళ్లకి స్నెజినా సరిదిద్దడం మానేసి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. యాభై ఎనిమిది పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఎన్ని నిజమో తేల్చేవాళ్లు ఎవరూ లేరు. ఆ జాబితా పట్టికలోకి ఎక్కలేదు. తప్పుగా ఎక్కించడం కంటే ఎక్కించకపోవడమే నయమనిపించింది. ఆ నిర్ణయం కూడా సరైందో కాదో ఆమెకు తెలియదు.

వెలిచ్కా 2013 ఫిబ్రవరిలో పోయింది. ఖననానికి నెవెనా రాలేకపోయింది. ఎండబెట్టిన పుదీనా పొట్లం ఒకటి పంపింది.

స్నెజినాకి ఇప్పుడు నలభై నాలుగు. ఉద్యోగం పూర్తి పూటది అయింది. ఊళ్లో అందరూ ఆమెను 'కంప్యూటర్ అమ్మాయి' అంటారు, జుట్టు నెరిసినా అమ్మాయే. బుధవారాలు ముసలివాళ్లకి మీటలు నొక్కడం నేర్పుతుంది. మౌస్ బల్ల చివరికొస్తే ఎత్తి మధ్యలో పెడుతుంది, నవ్వదు. సాహిత్యం పుస్తకాలు ఇంట్లో మంచం కింద పెట్టెలో ఉన్నాయి. మళ్లీ తెరవలేదు.

కిందటి వారం ఒక కాలేజీ పిల్ల ఏదో వ్యాసం కోసం పాత భూగోళం పుస్తకం అడిగింది. తోలు అట్ట, బంగారు అంచు. స్నెజినా తెరిచి చూసింది. మొదటి పేజీ లేదు. కుట్టు దగ్గర చింపిన కాగితం అంచు నాలుగు దారాలంత మిగిలి ఉంది. మిల్లు యజమానిదా, లాయరుదా, డాక్టరుదా? ఎవరో ఒకరిది. ఆ పిల్ల ఫోన్ చూసుకుంటూ నిలబడింది.

"ఏమైనా పాడైందా అండీ?"

"ఏమీ లేదమ్మా" అంది స్నెజినా, పుస్తకాన్ని అట్ట మీది గీతలు చదివే యంత్రం కింద పెట్టి. యంత్రం కూసింది. "పదిహేను రోజుల్లో తిరిగిచ్చెయ్యాలి."